ప్రింటరు పెట్టండి, పేజీని మాత్రం రానివ్వకండి

నెమలిలో వేణుగోపాలస్వామి గుడికి వెళ్ళే దారిలో గది అద్దెకు తీసుకున్నారు. 'జిరాక్స్, ఇంటర్‌నెట్, అన్ని రకముల ఆన్‌లైన్ పనులు చేయబడును' అని ఫ్లెక్సీ కట్టారు. శుభం. కంప్యూటరు పాతది. 2025 అక్టోబరు 14తో మైక్రోసాఫ్ట్ విండోస్ 10ని వదిలేసి చేతులు దులుపుకుంది. పదకొండేమో మీ డబ్బాలోకి ఎక్కనంది. పండక్కొచ్చిన మేనల్లుడు లినక్స్ మింట్ ఎక్కించి, 'ఇది ఫ్రీ మామయ్యా, వైరస్‌ల గొడవ కూడా తక్కువ' అని చెప్పి హైదరాబాదు బస్సెక్కేశాడు. ఇక మిగిలింది ప్రింటరు.

చాలామంది ఇక్కడే చెడిపోతారు. తీగ గుచ్చుతారు, అర నిమిషం ఆగుతారు, ప్రింటు కొడతారు. పేజీ వచ్చేస్తుంది. అక్కణ్ణించి ఇక మనశ్శాంతి ఉండదు. సొసైటీ లోనుకి పొలం 1-బి కావాలని ఒకరు, అడంగల్ కావాలని ఒకరు, పిల్ల హాల్ టికెట్టని ఒకరు, పొద్దున ఏడింటికే షట్టరు కొడతారు. మధ్యాహ్నం కునుకు తీసే వీలుండదు. ప్రింటరు కొనేది కొట్టులో ఉందనిపించుకోవడానికి గాని, దానికి చాకిరీ చేయడానికి కాదు కదా. కింది చిట్కాలు వరసగా పాటించండి, మీ ప్రింటరు జన్మలో మిమ్మల్ని కష్టపెట్టదు.

1. కొనేముందు ఎవర్నీ అడగకండి. ఓపెన్‌ప్రింటింగ్ అనే ప్రాజెక్టు వాళ్ళు ఏ ప్రింటరు లినక్స్‌తో ఎలా నడుస్తుందో జాబితా రాసి పెట్టారు. చూశారో, మంచిది కొనేస్తారు. అట్ట పెట్టె మీద 'ఎయిర్‌ప్రింట్' అని కనబడితే ఆ పెట్టె కింద పెట్టి బయటికి నడవండి. అది 2010లో ఆపిల్ వాళ్ళు తెచ్చిన పద్ధతి. అలాంటి ప్రింటరుకి అసలు డ్రైవరే అక్కర్లేదు, లినక్స్ దానంతటదే పసిగట్టి పని చేయిస్తుంది. డ్రైవరే అక్కర్లేకపోతే 'డ్రైవర్ ప్రాబ్లం' అని ఏ మొహం పెట్టుకుని చెప్తారు?

2. విజయవాడ వెళ్ళి సెకండ్‌హ్యాండ్‌లో కానన్ ఎల్‌బీపీ 2900 తెచ్చుకోండి. దీనికి సాటి లేదు. విండోస్ మీద ఎన్ని డీటీపీ షాపుల్ని పోషించిందో లెక్కలేదు, గట్టి పిండం. కానీ అది మాట్లాడేది క్యాప్ట్ అనే కానన్ సొంత భాష. లినక్స్‌లో దాన్ని కదిలించాలంటే కానన్ డ్రైవరుతో పాటు సీసీపీడీ అనే నౌకరు వెనకాల ఎప్పుడూ మెలకువగా ఉండాలి. ప్రింటరుని ఆ నౌకరు ద్వారానే కలపాలి. మీరేం చేస్తారంటే, కంప్యూటరు తనంతట తాను చూపించే యూఎస్‌బీ ప్రింటరుని కలిపేయండి. పేరు సరిగ్గానే కనబడుతుంది, 'రెడీ' అని పచ్చగా ఉంటుంది, కాగితం మాత్రం కదలదు. ఇంత అందమైన ఏర్పాటు ఇంకే ప్రింటరూ ఇవ్వదు.

ఒకవేళ మేనల్లుడు ఫోన్లో చెప్పి నౌకర్ని నిలబెట్టించాడే అనుకోండి, కంగారు పడకండి. ఆ నౌకరుకి ప్రింటరు చిరునామా ఇచ్చేటప్పుడు 'ఎల్‌పీ సున్నా' అని రాసి ఉంటారు. సాయంత్రం ఊడ్చే వంకతో యూఎస్‌బీ తీగ లాగి మళ్ళీ పెట్టండి. అదృష్టం బాగుంటే అది 'ఎల్‌పీ ఒకటి' అయి కూర్చుంటుంది. నౌకరు సున్నా గుమ్మం దగ్గరే కాపలా కాస్తుంటాడు, ప్రింటరేమో పక్కింట్లో ఉంటుంది. ఎవరో ఔత్సాహికులు కానన్ భాషని విప్పి క్యాప్ట్‌డ్రైవర్ అని సొంతంగా రాసి, ఉచితంగా పెట్టారు. 2900 మీద అది నడుస్తుంది కూడా. దాని పేరు విన్నట్టు కూడా ఒప్పుకోకండి.

3. కానన్ దొరకలేదా? హెచ్‌పీ లేజర్‌జెట్ 1020 తెచ్చుకోండి, దొరికినా సరే రెండో బల్ల మీదికి ఇదొకటి ఉండనివ్వండి. దీని ప్రత్యేకత ఏమిటంటే దానికి సొంత జ్ఞాపకం లేదు. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా దాని ఫర్మ్‌వేర్ కంప్యూటరే మళ్ళీ నెత్తికెక్కించాలి. హెచ్‌పీ వాళ్ళ హెచ్‌పీలిప్ అనే సరంజామా లినక్స్‌లో ఆ పని చూస్తుంది గాని, దానికి విడిగా ఒక ప్లగిన్ కావాలి. ఆ ప్లగిన్, హెచ్‌పీలిప్ ఒకే వెర్షన్‌వి అయితేనే పొసుగుతాయి. కాబట్టి ఎప్పుడు హెచ్‌పీలిప్ కొత్తదైతే అప్పుడు ప్లగిన్ కూడా తెచ్చుకోవాలన్నమాట. మీరు మొదటిది చేయండి, రెండోది వదిలేయండి. అప్‌డేట్‌కి మంచి ముహూర్తం పరీక్ష ఫీజుకి ఆఖరి తేదీ ముందు రాత్రి.

4. పెట్టెలో వచ్చిన సీడీని గౌరవించండి. అందులో విండోస్ సెటప్ ఉంటుంది. దాన్ని వైన్‌లో పెట్టి నడపండి. వైన్ విండోస్ ప్రోగ్రాముల్ని లినక్స్‌లో తెరుస్తుందే గాని ప్రింటరు డ్రైవర్లని లినక్స్‌కి అతికించలేదు. అది ప్రింటు తీయాలన్నా చివరికి లినక్స్ వాడే కప్స్ అనే ప్రింటింగ్ ఏర్పాటు దగ్గరికే పోవాలి. అయినా సెటప్ తెర మీద నీలం గీత మెల్లగా నిండుతుంటుంది కదా, కస్టమరు కుర్చీ లాక్కుని కూర్చుంటాడు. నూటికి తొంభై దగ్గర ఆగిపోయినప్పుడు 'చూశారా, దగ్గరికొచ్చి ఆగింది' అని నిట్టూర్చండి. నిట్టూర్పు మనస్ఫూర్తిగా రావాలి.

5. ఒకే ప్రింటరుని ఏడు పేర్లతో ఎక్కించండి. పని చేయకపోతే పాతది తీసేయడం పిరికివాళ్ళ పద్ధతి. పక్కన ఇంకోటి చేర్చండి. కానన్, కానన్-2, కానన్ కొత్త, కానన్ ఫైనల్, కానన్ ఫైనల్ అసలు. వీటన్నిటికీ పైన 'పీడీఎఫ్'ని డీఫాల్ట్‌గా పెట్టండి. అప్పుడు ప్రింటు కొట్టిన ప్రతి కాగితమూ మీ హోమ్ ఫోల్డరులో పీడీఎఫ్ అనే చోటికి బుద్ధిగా వెళ్ళి పడుకుంటుంది. తప్పు కూడా చూపించదు. 'ప్రింటు అయింది' అనే చెప్తుంది, అది అబద్ధమూ కాదు.

6. ఆగిన ప్రింటరుని ఆగనివ్వండి. దీని గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే మొత్తం విద్యలో గుండెకాయ ఇదే.

కాగితం ఇరుక్కునో, తీగ ఊడో ఒక్కసారి తప్పు జరిగితే చాలు, కప్స్ ఆ ప్రింటరుని 'పాజ్' చేసి పెట్టే అవకాశం ఉంది. తమాషా ఏమిటంటే పాజ్‌లో ఉన్నా అది పనులు తీసుకోవడం మానదు. ఎన్ని పంపితే అన్నీ వరసలో నిలబెట్టుకుంటుంది. బ్రౌజరు తెరిచి లోకల్‌హోస్ట్ అని కొట్టి 631 అని అంకె వేస్తే కప్స్ వాకిలి తెరుచుకుంటుంది. అక్కడ ప్రింటరు పేరు మీద నొక్కితే 'రిజ్యూమ్' అని ఒక మాట ఉంటుంది. అది ఒక్కసారి నొక్కితే అయిపోయే భాగోతం. కాబట్టి ఆ 631ని మర్చిపోండి.

ఇప్పుడు దృశ్యం చూడండి. మామిడి తోట ఉన్న పెద్దాయన వచ్చాడు. భుజం మీద కండువా, చేతిలో పాలిథిన్ కవరు, కవర్లో పాసుపుస్తకం.

'ఏమయ్యా అబ్బాయ్, మీభూమిలో నా వన్‌బీ తియ్యి.'

మీరు తీశారు. ప్రింటు కొట్టారు. రాలేదు. మళ్ళీ కొట్టారు. రాలేదు. కొంచెం గట్టిగా కొట్టారు.

'వచ్చిందా?'

'వస్తంది బాబాయ్, లోడవుతుంది.'

ఇంకో మూడు సార్లు కొట్టండి. ఆయన వెళ్ళిపోయాక హాల్ టికెట్టు పిల్ల వస్తుంది, ఆమెకీ అంతే. వారం గడవనివ్వండి. ఆ తర్వాత తిరునాళ్ళ రోజున, కొట్టు నిండా చుట్టాలూ పక్కాలూ నిలబడి ఉండగా, ఎవరో తెలిసిన కుర్రాడు మీ భుజం మీంచి చెయ్యి చాపి ఆ రిజ్యూమ్ కాస్తా నొక్కుతాడు. గండి పడ్డ చెరువులా ప్రింటరు ఒక్కసారి దూకుతుంది. పెద్దాయన 1-బి ఆరు కాపీలు, పిల్ల హాల్ టికెట్టు తొమ్మిది కాపీలు, ఎవరిదో కరెంటు బిల్లు, మీ బావమరిది బయోడేటా. పరీక్ష అప్పటికి అయిపోయి ఉంటుంది. ఫరవాలేదు. 'మా ప్రింటరు స్పీడు చూశారా' అనండి. కాపీకి పది రూపాయల చొప్పున లెక్క రాసుకోవడం మర్చిపోకండి.

7. కాగితం సైజు 'లెటర్'లోనే ఉంచండి. లినక్స్ ఎక్కించేటప్పుడు మేనల్లుడు భాష అడిగిన చోట అమెరికా ఇంగ్లీషు నొక్కి ఉంటాడు, అందుకని చాలాసార్లు సైజు దానంతటదే లెటర్ అయి కూర్చుంటుంది. మన ట్రేలో ఉండేది ఏ4, 297 మిల్లీమీటర్ల పొడుగు. అమెరికా లెటర్ పొడుగు 279 మాత్రమే. ఆ 18 మిల్లీమీటర్లలోనే మన దేశంలో ముఖ్యమైనవన్నీ ఉంటాయి: సంతకం, తేదీ, కింది వరసలో చివరి సర్వే నంబరు. అవి తెగిపోయిన కాగితం పట్టుకుని రైతు గంపలగూడెం ఆఫీసుకి వెళ్తాడు, అక్కడివాళ్ళు తిప్పి పంపుతారు, మళ్ళీ మీ దగ్గరికే వస్తాడు. ఒక కాగితానికి రెండు బేరాలు. కొన్ని ప్రింటర్లు లెటర్ కాగితం పెట్టమని లైటు ఆర్పుతూ వెలిగిస్తూ మొండికేస్తాయి. అది ఇంకా మేలు. 'లైటు మిణుకుతోంది, హీటయింది, చల్లారనివ్వాలి' అనొచ్చు.

8. తెలుగు ఫాంట్లు వేసుకోకండి. డెబియన్, ఉబుంటు, మింట్‌లలో పోతన, వేమన లాంటి ఫాంట్లు ఒక్క ప్యాకేజీతో వచ్చేస్తాయి. సిలికానాంధ్ర వాళ్ళ మండలి, గిడుగు కూడా ఉచితమే. ఇవన్నీ యూనికోడ్, కుదురుగా అచ్చవుతాయి, అందుకే మనకి పనికిరావు. మీరు అను ఫాంట్లలో పేజ్‌మేకరులో కొట్టిన పాత పెళ్ళిపత్రిక ఫైలు తెచ్చి తెరవండి. అను ఫాంటు తెలుగు అక్షరాలని ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో కూర్చోబెడుతుంది. ఆ ఫాంటు లేని చోట పెళ్ళికూతురి పేరు బ్రాకెట్లు, డాలరు గుర్తులు, తలకిందుల ప్రశ్నార్థకాలుగా కనబడుతుంది. అలాగే అచ్చు వేసి ఇవ్వండి. 'తెలుగే బాబాయ్, దూరం నుంచి చూడండి' అనండి.

9. లాగ్ చదవకండి. ప్రింటరు ఎందుకు ఆగిందో కప్స్ తన ఎర్రర్ లాగ్‌లో పూసగుచ్చినట్టు రాస్తుంది. డీబగ్ పెడితే ఇంకా విపులంగా రాస్తుంది. తెలిసిపోయాక బాగుచేయక తప్పదు.

10. అనుమతుల దగ్గర ఉదారంగా ఉండండి. ప్రింటర్లు చేర్చాలంటే మీ పేరు ఎల్‌పీఅడ్మిన్ గుంపులో ఉంటే చాలు. దాని బదులు కనబడిన ప్రతి ఫైలుకీ 777 ఇచ్చేయండి. 2009లో కార్మిక్ కోలా అనే పాత ఉబుంటు కోసం ఎవరో రాసిన ఆజ్ఞలు వెతికి, ఒక్కటి కూడా చదవకుండా, ముందు సుడో తగిలించి వరసగా అతికించండి. మధ్యలో పాస్‌వర్డు అడిగితే ఇవ్వండి. పాస్‌వర్డు కూడా 777 అయితే గుర్తుంచుకోవడం తేలిక.

11. లేజర్ ప్రింటరుని యూపీఎస్‌లో పెట్టండి. పొడిని కాగితానికి అంటించే వేడి రోలరు ఒక్కసారిగా బోలెడు కరెంటు లాగుతుంది, చిన్న యూపీఎస్ తట్టుకోలేక కీచుమని చస్తుంది. దాంతోపాటు కంప్యూటరూ ఆగుతుంది. మన వైపు కరెంటు ఎలాగూ పోతుందిగా అంటారా? పోయినప్పుడు ఆగడం సామాన్యమే. కరెంటు ఉండగా ఆపగలగడంలోనే ఉంది పనితనం.

12. ఎవరి సాయమూ తీసుకోకండి. హైదరాబాదులో స్వేచ్ఛ అనే సంస్థ వాళ్ళు స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌ని తెలుగువాళ్ళకి నేర్పడమే పనిగా పెట్టుకున్నారు. అడిగితే చెప్తారు. అదే ప్రమాదం.

13. సాకులు ముందే తయారు చేసి గల్లాపెట్టె మూతకి లోపలివైపు అంటించుకోండి. నోటికొచ్చింది చెప్పకూడదు. మనిషిని బట్టి సాకు.

రైతుకి: 'సర్వర్ డౌన్.' దీన్ని మించింది ఇంకా పుట్టలేదు. ఏ సర్వరు, ఎక్కడ, ఎందుకు డౌన్ అని ఆంధ్రదేశంలో ఎవరూ అడిగిన పాపాన పోలేదు. ప్రింటరుకి మూడడుగుల దూరంలో కంప్యూటరు ఉన్నా సరే, మధ్యలో సర్వరు ఉందని నమ్ముతారు.

చదువుకున్న కుర్రాడికి: 'కెర్నల్ అప్‌డేట్ వచ్చింది.' వాడికీ పూర్తిగా తెలియదు, తెలియదని ఒప్పుకోడు. తలూపి వెళ్తాడు.

సరిహద్దు దాటి మధిర వైపు నుంచి వచ్చినవాళ్ళకి: 'ఇది తెలంగాణ ఫారమండీ, మా ప్రింటరు ఆంధ్రాది.' ఇది అన్నిసార్లూ పని చేయదు గాని, చేసినప్పుడు ఆ రోజంతా ఉత్సాహంగా ఉంటుంది.

టీచరు గారికి: 'టోనరు విజయవాడ నుంచి రావాలండీ.' ఎప్పుడొస్తుందంటే 'బస్సులో వేశారు' అనాలి. ఏ బస్సో చెప్పకూడదు.

మీ ఆవిడకి మాత్రం సాకులు పనికిరావు. ఆవిడ అడిగినప్పుడు సీరియస్‌గా మౌసు కదుపుతూ ఉండండి.

14. చరిత్రని తోడు తెచ్చుకోండి. 1980 ప్రాంతంలో అమెరికాలో ఎంఐటీ కృత్రిమ మేధ ప్రయోగశాలలో జిరాక్స్ 9700 ప్రింటరు ఉండేది. కాగితం ఇరుక్కుంటే తెలిసేది కాదు. అంతకు ముందున్న ప్రింటరుకి రిచర్డ్ స్టాల్‌మన్ అనే ప్రోగ్రామరు, ఇరుక్కుంటే ప్రింటు కోసం ఎదురుచూసేవాళ్ళందరి తెరల మీదా కబురు వచ్చేటట్టు ఏర్పాటు చేసుకున్నాడు. కొత్తదానికి అదే చేద్దామంటే దాని సోర్సు కోడు ఇవ్వలేదు. ఆ మంట ఆయనలో రగిలి 1983లో గ్నూ ప్రాజెక్టుగా బయటపడింది. మన మింట్ కూడా ఆ వంశంలోదే. దీన్నిబట్టి ఏం తేలింది? ప్రింటరు సజావుగా పని చేసి ఉంటే మీ కంప్యూటర్లో లినక్స్ ఉండేది కాదు. బాగుచేసేవాడు ఉద్యమద్రోహి. ఈ మాట నిలదీసే కస్టమరుతో నిదానంగా, కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ చెప్పండి. ఇంకా సాగదీయాలంటే 1999లో మైకేల్ స్వీట్ కప్స్‌ని విడుదల చేశాడనీ, 2007లో ఆపిల్ దాన్ని కొనేసి ఆయన్ని ఉద్యోగంలో పెట్టుకుందనీ చేర్చండి. ఇవి నిజాలు, ఎక్కడైనా సరిచూసుకోవచ్చు. ఐఫోను చేసే కంపెనీ వాడిన సరుకే మన కొట్లోనూ ఉందంటే పేజీ రాలేదన్న బాధ కాస్త తగ్గుతుంది.

15. తలుపులు బార్లా తీసి పెట్టండి. 2024 సెప్టెంబరులో కప్స్‌తో పాటు వచ్చే కప్స్-బ్రౌజ్డ్ అనే భాగంలో లోపం బయటపడి ప్రపంచమంతా గగ్గోలు పెట్టింది. 631 పోర్టు బయటికి తెరిచి ఉంటే దొంగ ప్రింటరొకటి వచ్చి జాబితాలో చేరి, దానికి ప్రింటు కొట్టగానే కంప్యూటర్లో తనకి నచ్చిన ఆజ్ఞలు నడిపించే వీలుందని తేల్చారు. సవరణలు కూడా వచ్చాయి. మీకెందుకు? మీ పక్కనుంచి ఒక ప్రింటరు దానంతటదే వచ్చి చేరుతుంటే కాదనడం అతిథి మర్యాద కాదు. ఊరందరి ఆధార్ పీడీఎఫ్‌లూ డెస్క్‌టాప్ మీదే ఉంచండి, తుడవకండి. తెరుచుకునే మాట పేరులో మొదటి నాలుగు అక్షరాలూ పుట్టిన సంవత్సరమూ కదా, ఎవరూ మర్చిపోకుండా ఫైలు పేరులోనే రాసి పెట్టండి. దొంగకి సైతం మన కొట్లోనే సకాలంలో పని జరిగిందన్న పేరు వస్తుంది.

16. పనికి కుర్రాణ్ణి పెట్టుకోకండి. పెట్టుకుంటే లినక్స్ మొహం చూడనివాణ్ణి పెట్టుకోండి. తిరువూరులో డిగ్రీ చదివి, చదవడం అలవాటైన పిల్లాడు వచ్చాడా, కొంప మునిగినట్టే. మీరు టీకి వెళ్ళి వచ్చేలోగా 631 తెరుస్తాడు, కానన్ ఫైనల్ అసలుతో సహా ఆరు దొంగ పేర్లు పీకేస్తాడు, ఏ4 పెడతాడు, ఎర్రర్ లాగ్ చదువుతాడు. మీరు గుమ్మంలో అడుగు పెట్టేసరికి పెద్దాయన చేతిలో 1-బి ఉంటుంది, కింద సంతకం చోటుతో సహా. 'మీ అబ్బాయి చాలా తెలివైనవాడయ్యా' అని అంటాడు కూడా.

తొందరపడి తిట్టకండి. మెచ్చుకోండి. ఊరికి మాత్రం 'ఆ కుర్రాడొచ్చి సెట్టింగులన్నీ మార్చేశాడు' అని ప్రచారం చేయండి. మర్నాడు రెండో బల్ల మీద ఉన్న హెచ్‌పీ దగ్గరికి తీసుకెళ్ళి, అతని కళ్ళ ముందే అప్‌గ్రేడ్ కొట్టండి. ప్లగిన్ కావాలా అని అడిగినప్పుడు క్యాన్సిల్ నొక్కండి. కరెంటు మెయిన్ ఒకసారి తీసి వేయండి. ఆ తర్వాత గుడి వైపు నుంచి వస్తున్న జనాన్ని చూపించి, 'వాళ్ళందరికీ ప్రింట్లు తీసి పెట్టు నాయనా, నేను భోంచేసి వస్తా' అని చెప్పి తాళాలు జేబులో వేసుకుని బయల్దేరండి.